బొమ్మల టీచర్ ఇచ్చిన మాట

మనస్తత్వశాస్త్రంలో పై చదువు పూర్తిచేసి, శిక్షణ కోసం ఏడాదిపాటు ఆ బడికి వచ్చిన అమ్మాయిని పిల్లలు బొమ్మల టీచర్ అనేవారు. ఆమె గదిలో రంగు దిమ్మలూ బొమ్మల అట్టలూ ఉండడంతో ఆ పేరు పడింది. గది అంటే మెట్ల కింద, ఒకప్పుడు ఆటసామాన్లు పడేసిన చోటు. రెండు పొట్టి కుర్చీలు, ఒక పెద్ద కుర్చీ, ఒక కిటికీ. గంట కొట్టగానే తలమీద పిల్లల కాళ్ల చప్పుడు ఉరుములా మొదలయ్యేది. అది తగ్గేదాకా మాట ఆపి, మళ్లీ ఆపినచోట అందుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఆమె పని చూసి తప్పొప్పులు చెప్పే సీనియర్ సైకాలజిస్టు ఒకావిడ వారానికోసారి వచ్చేది. చుట్టుపక్కల బడులన్నిటికీ ఆవిడ ఒక్కతే. అందరూ పెద్ద మేడం అనేవారు.

ఒకరోజు నాలుగో తరగతి టీచర్ ఆ గదికి వచ్చి, కూర్చోకుండానే చెప్పింది.

"మా క్లాసులో కవలలున్నారు. పెద్దదాన్ని మేము వకీలు అంటాం. అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్తుంది. చిన్నది నోరే విప్పదు. పేరు పెట్టి పిలిస్తే అక్క మొహం చూస్తుంది. దాని బుర్ర ఎంతుందో కాస్త కొలిచి చెప్పండి. కుదరదంటే ఇంకో బడికి పంపమని వాళ్లమ్మకి చెప్పేద్దాం."

బుర్ర కొలవడమన్న మాట బొమ్మల టీచర్‌కు ముల్లులా గుచ్చుకుంది. అయినా పిల్ల పేరు రాసుకుని సరేనంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదటే వాదనకు దిగకూడదని ఆమె నమ్మకం.

మర్నాడు చెల్లిని గదికి పిలిచింది. పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. మాటతో పనిలేని పరీక్షలు ముందు పెట్టింది. దిమ్మలతో బొమ్మ పేర్చమంటే చిటికెలో పేర్చింది. నాలుగు బొమ్మల్లో పొసగనిదేదో చూపమంటే వేలు పెట్టి చూపింది. చివర్లో ఒక పేరా ఇచ్చి చదవమంటే, గుసగుసగానే అయినా, ఎక్కడా తడబడకుండా చదివేసింది.

పెద్ద మేడం వచ్చినప్పుడు బొమ్మల టీచర్ ఉత్సాహంగా ఆ వివరాలన్నీ చెప్పింది. "తెలివికేం లోటు లేదు మేడం. తోటివాళ్ల కంటే ఒక మెట్టు పైనే ఉంది."

"బాగుంది. మరి ఎందుకు మాట్లాడదు?"

బొమ్మల టీచర్ పరీక్ష కాగితాలు మళ్లీ తిరగేసింది.

"పరీక్ష నీ గదిలో పెట్టావు. ఆ పిల్ల నోరు మూసుకునేది క్లాసులో కదా. వెళ్లి వెనక బెంచీలో కూర్చో. ఏమీ చెయ్యకు. ఊరికే చూడు."

ఊరికే చూడటం ఎంత కష్టమో ఆమెకు ఆ వారమే తెలిసింది. మొదటి రోజంతా పిల్లలు పాఠం వదిలేసి ఆమెనే చూశారు. తర్వాత ఆమె కూడా ఒక బెంచీలా కలిసిపోయింది.

పాఠం చదివే వంతు అక్కది వచ్చింది. లేచి నిలబడి, పుస్తకం ఎత్తి పట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. చక్కగా భావంతో చదువుతోంది. అయితే ప్రతి వాక్యం ముందూ కాస్త ఆగుతోంది. పక్కనే తలవంచుకు కూర్చున్న చెల్లి పెదవులు కదులుతున్నాయి. టీచర్ విసుక్కుంది. "చిన్నదానా, ఏంటా గొణుగుడు? అక్క చదువుతుంటే వినలేవూ?" చెల్లి పెదవులు ఆగిపోయాయి. అక్క చదువూ అక్కడే ఆగిపోయింది. వెంటనే దగ్గు తెచ్చుకుని, మంచినీళ్లు తాగొస్తానని బయటికి పోయింది.

అప్పుడు బొమ్మల టీచర్ తను చూడ్డానికి వచ్చిన చెల్లి వైపు కాక, అక్క ఖాళీ చేసిన చోటు వైపు చూసింది.

మరుసటి రోజు అక్కను గదికి పిలిచింది. ఆ పిల్ల వస్తూనే మూడు కుర్చీల్లోనూ కూర్చుని చూసి, పెద్దదాన్ని ఎంచుకుంది. కబుర్లతో గది నింపేసింది. పుస్తకం చేతికిస్తే తెరిచి, "ఈ గుర్రమేంటి టీచర్, పెళ్లికొడుకులా నవ్వుతోంది?" అంది.

"కింద రాసుంది చూడు, ఎందుకు నవ్వుతోందో."

"కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయా."

"నీకు కళ్లద్దాలున్నాయా?"

"ఇంకా కొనలేదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక కూడా బొమ్మల టీచర్ పుస్తకం వెనక్కి తీసుకోలేదు. పైన మెట్ల మీద ఉరుము వచ్చి పోయింది. పిల్ల మొహంలో హుషారు కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"ఒక్కో అక్షరం తెలుసు టీచర్. విడివిడిగా ఉంటే అన్నీ తెలిసినవాళ్లే. కలిసొస్తే ఎవరో ఏంటో." పుస్తకం మూసేసి, "ఎవరికీ చెప్పనని మాటివ్వండి. అమ్మకి అస్సలు" అంది.

ఆ కళ్లు చూస్తూ కాదనడం ఆమెవల్ల కాలేదు. "చెప్పను" అంది.

పెద్ద మేడం వచ్చినప్పుడు ఇదంతా ఆవిడకు చెప్పింది.

"చెప్పనన్నావు. నాకు చెప్పావుగా?"

బొమ్మల టీచర్ తల వాలిపోయింది. "మీకు చెప్పకుండా ఎలా మేడం?"

"అదే నేననేది. మనం నిలబెట్టుకోలేని మాట అది. నీ మటుకు నువ్వు దాచుకుంటే పిల్లకి సాయం అందదు. చెప్తే నీ మీద నమ్మకం పోతుంది. అందుకే, ఏది దాచగలమో ఏది దాచలేమో పిల్లలు నోరు తెరవకముందే చెప్పాలి. పుస్తకంలో చదివే ఉంటావు."

"దాని మీద పరీక్ష కూడా రాశాను."

"మార్కులు బాగానే వచ్చుంటాయి" అని పెద్ద మేడం నవ్వింది. "వాళ్లమ్మకి కబురు పెట్టకముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్లు. తప్పు నీదని చెప్పు. పిల్లలకి పెద్దవాళ్లు క్షమాపణ చెప్పడం అరుదు. కోప్పడుతుంది. పడనీ."

కోప్పడింది కూడా. బొమ్మల టీచర్ చెప్పినదంతా విని, "మీరూ పెద్దవాళ్లే కదా" అని లేచి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. తర్వాత కొన్నాళ్లు వకీలు వరండాలో ఎదురుపడినా మొహం తిప్పుకునేది. క్లాసులో కూడా నోరు మెదపలేదు. నాలుగో తరగతి టీచర్ కంగారుగా వచ్చి, "నేను పంపింది చిన్నదాన్ని. మీ వైద్యమేంటో గానీ పెద్దదానికీ మాట పడిపోయింది" అంది. ఆ సమయంలో ఈ వృత్తి తనకు తగదేమో అనుకుంది బొమ్మల టీచర్. అయినా రోజూ మధ్యాహ్నం గది తలుపు తెరిచే ఉంచింది.

ఒక మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మకి నేనే చెప్తా" అంది అక్క. "మీరు పక్కనుండాలి. మధ్యలో మాట్లాడకూడదు."

తల్లి బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది. పొట్టి కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, కూతురు చెప్పింది విని ముందు నమ్మలేదు. "బస్సెక్కితే దారిపొడుగునా బోర్డులన్నీ ఇదే చదువుతుంది మేడం."

"చెల్లి చెప్తుంది. నేను గట్టిగా అంటా. రాతపనైతే దాన్ని చూసి దించేస్తా" అంది అక్క.

తల్లి చిన్నదాని వైపు తిరిగింది. "నీకు తెలిసే చేశావా?"

చెల్లి మామూలు గొంతుతో, గుసగుస కాకుండా, చెప్పింది. "అక్కని చూసి అందరూ నవ్వుతారని. నేను నోరు విప్పితే చదివేది ఎవరో తెలిసిపోతుందని."

తల్లి టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత పెద్దదాన్ని చూపిస్తూ, అడగలేక అడగలేక అడిగింది. "దీనికి తెలివి తక్కువా?"

ఆ రోజు తనూ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డ పెద్ద మేడం, నువ్వే చెప్పమన్నట్టు బొమ్మల టీచర్ వైపు చూసింది.

"కాదండి. ఇన్నాళ్లు ఇంతమందిని నమ్మించిందంటే తెలివి తక్కువా? అక్షరాన్నీ శబ్దాన్నీ ముడివెయ్యడం కొందరికి ఆలస్యంగా వస్తుంది. ఇంకా పరీక్షలు చెయ్యాలి. అదే అయితే దానికి మందు లేదు, నేర్పే పద్ధతి ఉంది. రోజూ కొంచెం కొంచెం. త్వరగా అవుతుందని మాత్రం చెప్పలేను."

ఈసారి ఇవ్వగలిగిన మాటే ఇచ్చింది.

"అందరి నోళ్లూ మూయిస్తుందని మురిసిపోయాను" అంది తల్లి. "ఆ నోరు ఎందుకంత పెద్దదైందో చూసుకోలేదు." అని అక్కను దగ్గరికి లాక్కుంది. యూనిఫాం గుండీ చెంపకు ఒత్తుకున్నా పిల్ల కదల్లేదు.

పరీక్షల్లో అనుకున్నదే తేలింది. నాలుగో తరగతి టీచర్ మొదట గునిసినా, అక్కను అందరిముందూ చదవమనడం మానేసింది. నోటితో జవాబు చెప్పనిచ్చేది. రోజూ ఒక పీరియడ్ అక్క మెట్ల కింద గదిలో ఇసుకలో వేలితో రాస్తూ, ఒక్కో శబ్దాన్నీ పలుకుతూ నేర్చుకునేది. ఒకరోజు నాలుగు మాటలు వచ్చేవి. మర్నాడు వాటిలో రెండు పోయేవి. పోయినప్పుడల్లా "చెప్పాపెట్టకుండా పోయాయి" అనేది. మళ్లీ మొదలుపెట్టేది.

కవలల బెంచీలు వేరుచేశారు. అందరూ అక్క ఏడుస్తుందనుకున్నారు. ఏడ్చింది చెల్లి. కొన్నాళ్లకు ఆటల పీరియడ్‌లో ఒంటరిగా బొమ్మల టీచర్ దగ్గరికి వచ్చింది.

"అక్క ఇప్పుడు నన్ను అడగట్లేదు. నేనేం చెయ్యాలి?"

తను చదివిన ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు ఉన్నట్టు బొమ్మల టీచర్‌కు గుర్తురాలేదు. తొందరపడి ఏదో ఒకటి చెప్పడం మానుకుంది.

"నాకూ తెలీదు. కూర్చో, ఇద్దరం ఆలోచిద్దాం. ముందు ఒక సంగతి. నువ్వు చెప్పేది చాలావరకు నాలోనే ఉంటుంది. నీకు గానీ ఇంకెవరికైనా గానీ హాని అనిపిస్తేనో, పెద్దవాళ్ల సాయం కావాలనిపిస్తేనో, ముందు నీకు చెప్పి, తర్వాతే వాళ్లకి చెప్తాను. సరేనా?"

చెల్లి కాసేపు ఆలోచించి తలూపింది. కిటికీలోంచి ఆటస్థలంలో పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. వాటి మధ్య అక్క గొంతు ఎక్కడుందో వెతుకుతున్నట్టు కొంతసేపు చెవి రిక్కించింది.

"నాకు బంతాట ఇష్టం లేదు" అంది చివరికి. "అక్కకి ఇష్టమని ఆడేదాన్ని."

"మరి నీకేం ఇష్టం?"

పిల్ల నోరు తెరిచింది, మూసింది. బొమ్మల టీచర్ తొందరపెట్టలేదు. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని, వినడానికి కూర్చుంది.