ఓవెన్‌కు కంప్యూటర్ కాపలా

ఆ ఇంట్లో గోడ మీద స్విచ్ వేయడమనే మోటుపని అంతరించి నెల దాటింది. ఇప్పుడు హాల్లో ఫ్యాను తిరగాలంటే పక్కగదిలోకి వెళ్లాలి, పాత కంప్యూటర్ నిద్రలేచేదాకా నిలబడాలి, భర్తగారు రాసిన ప్రోగ్రాంలో ఓ అంకె నొక్కాలి. అప్పుడు చెక్కపలక మీద బిగించిన రిలే అనే బుల్లి స్విచ్చు టక్కుమంటుంది. ఈలోగా చెమట దానంతటదే ఆరిపోతుంది కాబట్టి కరెంటు ఆదా.

ప్రింటర్ తీగ పీకేసి, అది దూరే చోటే ఆయన ఈ పలక తగిలించాడు.

"దీన్ని ప్యారలల్ పోర్టంటారు. ఎనిమిది తీగలు, ఎనిమిది వస్తువులు. ఇల్లంతా నా చెప్పుచేతల్లో ఉందిక," అన్నాడు. పెళ్లయ్యాక ఆయన ఆ మాట అనగలగడం అదే మొదటిసారి.

ఆమె అన్నీ ఓర్చుకుంది. ఆ ఉదయం ఆయన వైరు పట్టుకుని ఓవెన్ వెనక్కి దూరేసరికి మాత్రం పరుగున అడ్డం వెళ్లింది.

"దీని జోలికి రాకండి. ఇవాళ కేకు కుదిరితే కాఫీషాపావిడ వారంవారం ఆర్డరిస్తానంది."

"అందుకేగా! నువ్వయితే ఫోన్లో మాట్లాడుతూ మాడ్చేస్తావు. ప్రోగ్రాం మాడ్చదు."

"మా తమ్ముడి బుర్రే బుర్ర," అంది చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచు, సోఫాలోంచి కదలకుండా. "నీ అదృష్టం నీకు తెలీదమ్మా."

"తెలుసు వదినా. ఫ్యాను కోసం నిలబడ్డప్పుడల్లా తలుచుకుంటున్నాను."

కేకు ఓవెన్లోకి వెళ్లింది. చక్కగా పొంగడం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని, స్కూలుకు నదుల మీద వ్యాసం టైపు చేసి, ప్రింట్ కొట్టింది.

ప్రింటర్ లేదన్న సంగతి కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు. అది పాపం నమ్మకంగా వ్యాసమంతా అక్షరం తర్వాత అక్షరం పలక మీదికి పంపింది. ఒక్కో అక్షరానికీ ఆ ఎనిమిది తీగల్లో కొన్నిటికి కరెంటు, కొన్నిటికి సున్నా. ఇంటికి పూనకం వచ్చింది. లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు, ఓవెన్ అన్నీ టకటకా వెలుగుతూ ఆరుతూ నదుల గొప్పతనం చాటాయి. చివరి అక్షరం పోర్టులోనే ఉండిపోయింది. దాని లెక్కలో మోటారు ఆడాలి, ఓవెన్ ఆగాలి.

ట్యాంకు పొంగింది. కేకు కుంగింది.

"తప్పు ప్రోగ్రాంది కాదు. ప్రింట్ కొట్టింది నీ కూతురు," అన్నాడాయన.

"ప్రింటర్ తీసేశానని చెప్పావా నాన్నా?"

ఆమె ఇద్దరి మాటా వినలేదు. మధ్యలో గోతి పడిన కేకు కేసి ఒక్కక్షణం చూసి, ఆయన వైరు పీకి అవతల పారేసి, ఓవెన్ ప్లగ్గు నేరుగా గోడకు గుచ్చింది.

"అయ్యో, అలా లాగితే పోర్టు కాలిపోతుందే!"

"మోటారు ఆపొచ్చి గుడ్లు గిలక్కొట్టండి. నురుగొచ్చేదాకా."

ఆయన ప్రోగ్రాం లేకుండానే గిలక్కొట్టాడు.

కాఫీషాపావిడ వచ్చేసరికి రెండో కేకు బల్ల మీద చల్లారుతోంది. ఆవిడ వేలితో మెల్లగా నొక్కి చూసింది, చిన్న ముక్క కోయించుకుని తింది, ఇంకో ముక్క కూడా తింది.

"భలే గుల్లగా ఉందే! వచ్చే వారం నుంచి పంపండి."

ఆవిడ గడప దాటగానే ఆడపడుచు తమ్ముడి వీపు తట్టింది. "చూశావా, మావాడు చెయ్యేస్తేగానీ కుదర్లేదు."

"అవును వదినా," అందామె, పిండి గిన్నె ఆయన చేతిలో పెడుతూ. "వారంవారం ఆ చెయ్యే కావాలి. ముందు ఇది తోమమనండి."