పున్నారావు గొలుసు, నాంచారమ్మ మైలు

నేను ఒక కొలత గొలుసును. నూరు ఇనుప కడ్డీలు, వాటిని కలిపే రింగులు, రెండు కొసలా రెండు ఇత్తడి పిడులు, అంతే నా ఒళ్ళు. ఒక్కో కడ్డీని లింకు అంటారు. నన్ను ఎనభై సార్లు చాచి పరిస్తే ఒక మైలు. పొలాలు కొలిచే సర్వేయర్ల చేతుల్లో తప్ప నన్ను మీరు చూసి ఉండరు. టేపులూ, ఆకాశం నుంచి కొలిచే యంత్రాలూ వచ్చాక అక్కడా చూసి ఉండరు.

నన్ను ఇష్టంగా చేతిలోకి తీసుకున్న మనిషి లేడు. అన్నదమ్ములు ఒక కంచంలో తిన్నన్నాళ్ళూ నాతో ఎవరికీ పనిలేదు. గట్టు జరిగిందని ఒకడికి అనుమానం పుట్టిన రోజున నేను గుర్తొస్తాను. ఒక కొస ఒకడు, రెండో కొస ఇంకొకడు పట్టుకుంటారు. ఎదుటివాడు సడలిస్తాడేమోనని ఇద్దరూ గుంజుతారు. ఇన్నేళ్ళు ఇలాంటి చేతుల్లో బతికాక నాకూ మనుషుల మీద నమ్మకం తగ్గిందంటే తప్పు నాదొక్కదానిదే కాదు.

నేను పుట్టింది హౌరా దగ్గర ఒక కొలిమిలో. రైల్లో గోనెసంచిలో వచ్చి చినగంజాంలో ఒక ఉప్పు కాంట్రాక్టరు చేతిలో పడ్డాను. కౌలుదార్లు ఉప్పుమడుల గట్లు జరుపుతారని ఆయన అనుమానం. ఆయన మనిషి నన్ను వదులుగా పట్టుకుంటాడని కౌలుదార్ల అనుమానం. ఉప్పునీళ్ళలో ఈడ్చి ఈడ్చి నన్ను ఇద్దరూ సమానంగానే బాధపెట్టారు. ఆయన పోయాక కొడుకులు సామాను వేలం వేశారు. అప్పుడే సర్వేయరు ఉద్యోగంలో చేరిన కొమ్మినేని పున్నారావు నన్ను కొనుక్కుని చీరాల తీసుకుపోయాడు.

పున్నారావు చెడ్డవాడు కాదు. నమ్మడు, అంతే. బజారులో తూచి ఇచ్చిన వంకాయలను ఇంటికొచ్చి మళ్ళీ తూస్తాడు. బీపీ మామూలుగానే ఉందని డాక్టరు చెబితే ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడు. పొలాల్లో రైతులు ఏం చెప్పినా తల ఊపి, నన్ను పరిచాకే నోరు తెరిచేవాడు. "మనుషులు అబద్ధం ఆడతారు. గొలుసు ఆడదు" అనేవాడు. ఆ మాట వింటే గర్వంగా ఉండేది. కాస్త భయంగానూ ఉండేది.

ఉద్యోగం అయిపోయాక నన్ను వరండా గోడకి మేకు కొట్టి తగిలించాడు. సాయంత్రం అయ్యేసరికి వీధిలో నలుగురూ టీకి ఆ వరండాలోకే చేరేవాళ్ళు. అందులో ముఖ్యుడు పక్కింటి మస్తాన్ వలీ. వయసులో ఉన్నప్పుడు రైల్వే జట్టు తరఫున పరుగు పందేల్లో పాల్గొన్నవాడు. పున్నారావు జన్మలో బస్సు కోసం కూడా పరిగెత్తలేదు గాని, పరుగు చూడటమంటే చెవి కోసుకునేవాడు. ఇద్దరికీ అదే స్నేహం. ఒక్క పేచీ మాత్రం ఉండేది. ఆ వీధి ఉన్న లేఅవుట్‌లో స్థలాలు కొలిచి రాళ్ళు పాతించింది పున్నారావే. వలీది వరసలో చివరిది. తన స్థలం తక్కువొచ్చిందని వలీ అప్పుడప్పుడూ అనేవాడు. "నీ కళ్ళకి అట్టా కనపడతందిలే" అని పున్నారావు కొట్టిపారేసేవాడు.

ఊరి చివర మూతపడ్డ పొగాకు గోడౌను ఒకటుంది. రెండు వందల బళ్ళు పట్టేంత పెద్దది. ప్రభుదాసు అనే కోచ్ దాన్ని తీసుకుని లోపల గుండ్రంగా ట్రాకు వేశాడు. కింద కొబ్బరిపీచు చాపలు, పైన గ్రానైటు క్వారీల నుంచి తెచ్చిన పాత రబ్బరు బెల్టులు. చుట్టుకి ఎనిమిది గొలుసుల దూరం, పది చుట్లు తిరిగితే మైలు. ఎండాకాలంలోనూ, వానల్లోనూ పిల్లలు అక్కడే పరిగెత్తేవాళ్ళు. ఏటా ఒకసారి పోటీలు పెట్టేవాడు.

ఆ ఏడు పోటీల్లో వాడరేవు పిల్ల సైకం నాంచారమ్మ ఆడవాళ్ళ మైలు పరిగెత్తింది. చేపలవాళ్ళ అమ్మాయి. తడి ఇసకలో పరుగు నేర్చుకుంది. ఆ పరుగు నేను చూడలేదు, మేకుకి వేలాడుతున్నాను. సాయంత్రం నలుగురూ వరండాలోకి వచ్చిన తీరు చూసి ఏదో జరిగిందని అర్థమైంది. ఎవరూ టీ ముట్టుకోలేదు.

"అట్టాంటి టైము ఈ రాష్ట్రంలో ఆడపిల్ల ఎవరూ తియ్యలా" అన్నాడు వలీ. "ఇది చిన్న సంగతి కాదు."

"గోడౌన్లో గాలి లేదు, ఎండ లేదు. కింద చూస్తే రబ్బరు" అన్నాడు పున్నారావు. "అట్టాంటి చోట నేను పరిగెత్తినా రికార్డే."

"నువ్వు పరిగెత్తితే రబ్బరే లేచి పారిపోద్ది. పది చుట్లంటే ఇరవై మలుపులయ్యా. మలుపు మలుపుకీ కాలు పట్టేసుద్ది. బయట కంటే లోపలే కష్టం."

ఇంకొకాయన గడియారం మీద అనుమానపడ్డాడు. వేరొకాయన బూట్ల మీద. అసలు మైలు పందెం ఇప్పుడు ఎక్కడా పెద్దగా లేదు గదా, దీన్ని దేనితో పోల్చాలని ఇంకొకాయన. పున్నారావు అందరూ అయిపోయేదాకా ఆగాడు.

"అవన్నీ సరే. అది మైలేనా అని నా ప్రశ్న."

అందరూ తలలెత్తి నా వైపు చూశారు.

ఆ మాట రెండు రోజుల్లో ఊరంతా పాకింది. ట్రాకు పొట్టిదట అన్నారు. నాంచారమ్మను జాతీయ శిక్షణ శిబిరానికి పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న రాష్ట్ర సంఘం వాళ్ళ చెవిన కూడా పడింది. కొలత తేల్చి పంపమన్నారు. ప్రభుదాసు పున్నారావు గుమ్మం ఎక్కాడు.

"కొలవండి సార్. నేను టేపుతో వేశాను. చుట్టుకి గజం ఎక్కువే పెట్టాను."

"ఎక్కువ పెట్టావా? ఎవరన్నా తక్కువ పెడతారు గాని ఎక్కువ ఎందుకు పెడతారయ్యా?"

"మీలాంటి వాళ్ళు ఉంటారని."

నన్ను గోడౌనుకి తీసుకుపోయారు. ఇంకా పొగాకు వాసన పోలేదు. పున్నారావు ఒక పిడి పట్టుకున్నాడు. రెండోది ఎవరు పట్టుకోవాలని చూస్తుంటే నాంచారమ్మ వచ్చి పట్టుకుంది. సన్నటి పిల్ల, చేయి మాత్రం తాడు లాగిన చేయి. పున్నారావు ఎక్కడ మోసం చేస్తాడోనని కళ్ళు ఆయన చేతి మీదే ఉంచింది. ఆయన కళ్ళు ఆమె చేతి మీద ఉన్నాయి. నాకు అలవాటైన పనే గాని ఒక తేడా గమనించాను. ఇద్దరూ నన్ను ఎంత లాగాలో అంతే లాగారు.

చుట్టు పూర్తయింది. ఎనిమిది గొలుసులు, పైన రెండు లింకులు. అంటే మైలుకి తక్కువ లేదు. చుట్టుకి మూరెడు ఎక్కువే ఉంది. పున్నారావు మొహం మాడిపోయింది. అయితే మరుక్షణమే తేరుకున్నాడు.

"గజం అన్నావు గదా. మూరెడే ఉందే?"

"గజం పెట్టాను సార్" అన్నాడు ప్రభుదాసు.

"గొలుసు అబద్ధం ఆడదు."

అక్కడే నిలబడ్డ వలీ నెమ్మదిగా అన్నాడు. "ప్రభుదాసూ ఆడడు. ఇద్దర్లో ఒకళ్ళది తప్పు. నీ గొలుసే తప్పేమో, ఎవరు చూశారు?"

ఆ రోజు నుంచి పున్నారావు మారిపోయాడు. మైలు మీద ఎవరైనా అనుమానం ఎత్తితే మీద పడిపోయేవాడు. "నేను కొలిచా. మైలే. ఆ పిల్ల పరిగెత్తింది. ఇంకేం కావాలి?" అనేవాడు. ఆ పిల్ల మీద ఆయనకి అంత అభిమానం ఎప్పుడు పుట్టిందా అని వీధిలో వాళ్ళు ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు. ఆయన కాపాడుతున్నది ఆమె పరుగును కాదు.

సంఘం వాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. ఒకే ట్రాకుకి కోచ్ గజం అంటాడు, సర్వేయరు మూర అంటాడు, రెండూ నమ్మం, వారంలో తేల్చకపోతే శిబిరంలో సీటు వేరే అమ్మాయికి ఇస్తాం అన్నారు.

మర్నాడు పొద్దున నాంచారమ్మ వరండా మెట్టు దగ్గరికి వచ్చింది.

"కూర్చో అమ్మా."

"పర్లేదు సార్. మీ గొలుసుని ఒకసారి సర్వే ఆఫీసులో సరిచూపిస్తారా?"

ఆఫీసు వరండాలో నేలకి పాతిన రెండు రాళ్ళున్నాయి. వాటి మీద ఇత్తడి గుర్తుల మధ్య దూరం సరిగ్గా ఒక గొలుసు. ఏటా అక్కడ గొలుసులు సరిచూసుకోవాలని రూలు. పున్నారావు నన్ను అక్కడికి తీసుకుపోయిన గుర్తు నాకు లేదు.

"ముప్పై ఏళ్ళు దీన్ని గవర్నమెంటు నమ్మిందమ్మా. నువ్వు నమ్మవా?"

"నన్నూ మా మాస్టారు నమ్మారు సార్. అయినా మీరు కొలవాలన్నారు. కొలవనిచ్చాం గదా."

ఆమె వెళ్ళిపోలేదు. కొంతసేపటికి పున్నారావు లేచి నన్ను మేకు మీంచి తీశాడు.

ఆఫీసులో కుర్రవాడైన సర్వేయరు నన్ను రెండు రాళ్ళ మధ్యా చాచాడు. నా పొడవు ఎంతో నాకు తెలియదు. నన్ను నాతోనే కొలుచుకోలేను గదా. కొలిమిలో చెప్పిందే నిజమనుకుని బతికాను. నా మొదటి పిడి ఇత్తడి గుర్తు మీద కూర్చుంది. రెండో పిడి రెండో గుర్తును దాటి నాలుగు వేళ్ళ అవతల పడింది.

"బెత్తెడు సాగింది సార్. రింగులన్నీ అరిగిపోయినయ్" అన్నాడు అతను. "ఉప్పు తిన్న ఇనుములా ఉంది. దీంతో ఎన్నేళ్ళు కొలిచారు?"

పున్నారావు మెట్టు మీద కూర్చుండిపోయాడు. సాగిన గొలుసుతో కొలిస్తే అసలు దూరం లెక్క కంటే ఎక్కువే ఉంటుంది. గొలుసుకి బెత్తెడు చొప్పున ఎనిమిది గొలుసులకి ఎంతో ఆయనకి కాగితం అక్కర్లేదు. ఆ మూరకి అది కలిపితే దాదాపు గజం. ప్రభుదాసు చెప్పిన గజమే. తరవాత ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఈసారి లెక్క ట్రాకుది కాదని నాకు తెలుసు. చినగంజాం, వేటపాలెం, ఈపూరుపాలెం, నన్ను ఈడ్చిన పొలాలన్నీ ఒక్కొక్కటీ ఆయన కళ్ళ ముందు పోతున్నాయి. ప్రతి ఒక్కడికీ కాస్త ఎక్కువే ఇచ్చాం. ఎక్కువ వచ్చినవాడు ఎవడూ ఫిర్యాదు చెయ్యడు. వరసలో చివరివాడికి మాత్రం మిగిలిందే దక్కి ఉంటుంది.

"నీ పరుగు మైలు కంటే బాగా ఎక్కువేనమ్మా" అన్నాడు చివరికి. "ఆ టైము దానికి ఇంకా విలువ పెరిగిద్ది."

"పదండి సార్, ఇంటికాడ దింపుతా" అంది నాంచారమ్మ.

ఆ సాయంత్రం ఆయన ఊరుకుని ఉండొచ్చు. పరుగు నిలబడింది, కోచ్ చెప్పిన గజమే సరైనదని సంఘానికి కబురు పోయింది, గొలుసు సంగతి వీధిలో ఎవరికీ తెలియాల్సిన పనిలేదు. నాకైతే ఆయన చెబుతాడని నమ్మకం లేదు. నలుగురూ చేరాక పున్నారావు నన్ను ఒళ్ళో పెట్టుకుని, వలీ మొహంలోకి చూడకుండా చెప్పాడు.

"గొలుసు సాగింది. నీ స్థలం తక్కువొచ్చిందన్నావే, నిజమే."

వలీ చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "ఆ పిల్ల మైలు మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు" అన్నాడు తరవాత. "నీ మీదా లేదనుకున్నా ఇన్నాళ్ళూ. చెప్పినా వినలేదు గదయ్యా నువ్వు." లేచి తన గేటు దాకా పోయి, ప్రహరీ మీద చేయి వేసి కాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు.

మిగతావాళ్ళు మాత్రం ఆ రాత్రికే టేపులు వెతుక్కోవడానికి పోయారు. వారం తిరిగేసరికి ఆ వీధిలో మైలు గురించి మాట్లాడేవాళ్ళే లేరు. ఎవరి గోడ ఎవరి స్థలంలోకి వచ్చిందన్నదే మాట. నాంచారమ్మకి శిబిరంలో సీటు వచ్చిందన్న కబురు ఆ గొడవలో ఎవరూ సరిగ్గా వినలేదు. కబురు విని స్వీట్లు పంచింది వలీ ఒక్కడే. పంచిన మొదటి ఇల్లు పున్నారావుది.

పున్నారావు పాత ఇనప సామాను వాడిని పిలిచాడు. నన్ను గుమ్మం ముందు పడేశాడు. ఊరెళ్ళే ముందు చెప్పిపోదామని వచ్చిన నాంచారమ్మ నన్ను చూసి ఆగింది.

"ఇది నాకిస్తారా సార్?"

"ఎందుకమ్మా? తప్పుడు గొలుసు."

"ఎంత తప్పో తెలిసింది గదా. తీసేసి లెక్కేసుకుంటే సరిపోద్ది. అక్కడ వాళ్ళు వేసిన ట్రాకు కూడా ఎట్టా ఉంటదో ఏమో."

పున్నారావు చాలా రోజుల తరవాత నవ్వాడు. తనే నన్ను మడిచి, కట్టగా కట్టి, ఆమె సంచిలో పెట్టాడు. సంచి భుజాన వేసుకుని బరువు చూసింది. చేపల గంప కంటే తేలికేనంది.

ఇప్పుడు నేను శిబిరం హాస్టల్లో ఆమె మంచం కింద ఉన్నాను. ఈ గదిలో ఉండే మిగతా అమ్మాయిలు ఈ పిల్ల పరుగు నిజమేనా అని చాటుగా గుసగుసలాడుకోవడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. నాంచారమ్మకీ వినిపిస్తుంది. తెల్లవారుజామున లేచి, బూట్ల తాళ్ళు కట్టుకుని, తలుపు దగ్గరగా వేసి పోతుంది. తిరిగొచ్చేసరికి ఊపిరి ఇంకా వేగంగానే ఉంటుంది. ఇంతవరకూ నన్ను ఒక్కసారి కూడా బయటికి తీయలేదు.