మూరెడు ఎర్తు వైరు

ఆడపడుచు భర్త పచ్చ వైరును మూరెడు మాత్రమే తెంచుకుని, మిగతా చుట్ట పక్కన పడేసినప్పుడే నాకు మనసులో అనుమానం మొలిచింది.

"ఇంత పొట్టిగానా అన్నయ్యా?"

"పొట్టిగానే ఉండాలి" అన్నాడు. అంతే. నోరు తెరిస్తే బ్యాటరీ దిగిపోతుందేమో అన్నట్టు మాట్లాడతాడు ఆయన.

ఎలక్ట్రీషియన్‌గా ఆయనకు మంచి పేరుంది, కాదనను. నా అనుమానం పనితనం మీద కాదు. కరెంటు స్తంభాలు ఆగిపోయిన చోటికి ఇంకా అవతల ఉంటుంది మా ఇల్లు. డాబా మీద సోలార్ పలకలు, వెనక గదిలో బ్యాటరీలు, ఇన్వర్టరు. నా కుట్టుమిషన్ మోటారు, లైట్లు, అన్నిటికంటే ముఖ్యంగా అత్తయ్యకు ఊపిరందించే ఆక్సిజన్ మిషను, అన్నీ వాటి మీదే నడవాలి. పోయిన వానల్లో దగ్గర్లో పిడుగు పడి ఇన్వర్టరు కాలిపోయింది. అత్తయ్యను సిలిండరు మీద పెట్టి, అది అయిపోయేలోపు ఆసుపత్రికి చేర్చాం. మర్నాడు ఆడపడుచు వచ్చి గుమ్మంలోనే చెప్పేసింది. "ఇంకొక్కసారి ఇలా జరిగిందా, అమ్మను నేను తీసుకెళ్ళిపోతాను వదినా."

నాకు కత్తెర పట్టడం నేర్పింది అత్తయ్యే. ఇప్పటికీ మంచం మీద కూర్చునే నేను కుట్టిన కాలరు తిరగేసి చూసి, "ఇది ఎవరి మెడకమ్మా, కొంగ మెడకా?" అంటుంది. ఆవిడ లేని ఇంట్లో కుట్టుమిషను చప్పుడు ఒక్కటే వినగలనా? అలాంటప్పుడు, ఇంకొక్కసారి అలా జరగకుండా చూడాల్సిన మనిషి ఎవరు? ఆవిడను తీసుకెళ్తానన్న ఆడపడుచు మొగుడు. అనుమానం రాదా మరి?

అందుకే ఆ రోజు కుట్టు మానేసి ఆయన వెనకే నిలబడ్డాను. పలకల నుంచి వచ్చే వైరు మీద ఒక సర్జ్ పెట్టె, ఇన్వర్టరు నుంచి ఇంట్లోకి వెళ్ళే వైరు మీద ఇంకొకటి బిగించాడు. పిడుగుకు వైర్లలోకి ఎగదన్నుకొచ్చే కరెంటును అవి నేలలోకి పంపేస్తాయట. ఒక్కో దానికి చిన్న కిటికీ, అందులో పచ్చరంగు. "ఇది ఎర్రగా మారితే పెట్టె పనైపోయినట్టు. నాకు చెప్పండి" అన్నాడు. ఆ పెట్టెల నుంచి మూరెడు వైరును గోడలోంచి తిన్నగా బయట నేలలో దిగేసిన ఎర్తు కడ్డీ దగ్గరకు లాగాడు. మిగిలిన చుట్ట తన సంచిలో వేసుకోబోతుంటే అడిగేశాను.

"అది మేం కొన్నదే కదా?"

ఆయన నా వైపు ఒక చూపు చూసి, చుట్ట నా చేతికిచ్చాడు.

నాలుగు రోజులు ఆ మూరెడు వైరు నా కళ్ళ ముందే ఆడింది. జాకెట్ కుట్టినా లోపల మడతలో రెండు వేళ్ళ గుడ్డ వదులుతాం. రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవాలి. ఇదేమో బిగదీసినట్టుంది. గోడ కాస్త కుంగినా ఊడిపోదా? ఊడిపోవాలనే అలా పెట్టాడా? అయిదో రోజు, ఆయన చూపించినట్టే స్విచ్చులన్నీ వరసగా ఆపి, అత్తయ్యను కాసేపు సిలిండరుకు మార్చి, ఆ పొట్టి వైరు తీసేసి మొత్తం చుట్ట బిగించాను. మిగులును ఏడు గుండ్రాలు చుట్టి దారంతో కట్టాను. చూడముచ్చటగా వచ్చింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆకాశం మసకబారింది. మా ఆయన నేను కుట్టిన యూనిఫారాలు ఇచ్చి రావడానికి వెళ్ళాడు. ఇంతలో గేటు చప్పుడు. ఆడపడుచు మొగుడు, చేతిలో పనిముట్ల సంచి. ఫోన్ చెయ్యలేదు, కబురు లేదు. తిన్నగా వెనక గది వైపు నడిచాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏం విప్పడానికి వచ్చారు అన్నయ్యా?"

"మీరు కట్టింది."

ఆయన నా పక్కనుంచి తొంగిచూసి, గోడ మీది గుండ్రాలు లెక్కపెట్టాడు.

"ఏడు. నేను నాలుగుంటాయనుకున్నా. ఆ చుట్ట అడిగినప్పటి నుంచీ నాకు అనుమానమే. దర్జీలు ముక్క వదలరు కదా."

"వదలం. మూరెడే పెట్టి చేతులు దులుపుకుంటే ఊరుకుంటామా?"

"చెల్లెమ్మా, పిడుగు కరెంటు తాపీగా నడిచి వెళ్ళేది కాదు. దారి పొట్టిగా, తిన్నగా ఉంటే నేలలోకి దూకుతుంది. ఇలా మెలికలు పెట్టి పొడుగు చేశారనుకోండి, అంతసేపు ఆగదు. ఇన్వర్టర్లోకి వెళ్తుంది. అక్కణ్ణుంచి అత్తయ్య మిషన్లోకి."

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చుగా?"

"మీరు నా వెనక పోలీసులా నిలబడ్డారు. ఏం చెప్పినా నమ్ముతారా?"

నిజమే. అయినా పక్కకు జరగలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు నమ్మాలి?

"అత్తయ్య మీ ఇంటికి రావాలనే కదా ఇదంతా?" అనేశాను.

ఆయన గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. నాకు సిగరెట్టు అలవాటు, ఆవిడకు ముక్కు చురుకు. మీ ఆడపడుచు ఒక్కతే ఇప్పుడు నాకు కాపలా కాస్తోంది, ఇద్దరయ్యారంటే... ఈ పెట్టెలు పనిచెయ్యాలని మీకంటే నాకే ఎక్కువ ఉంది చెల్లెమ్మా. మబ్బు చూసి, పని మానుకుని పరిగెత్తుకొచ్చా."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఒకరి మీద ప్రేమ ఉందంటే నమ్మడానికి ఆలోచిస్తాను గానీ, ఈ కారణం నమ్మకుండా ఎలా ఉంటాను? పక్కకు జరిగాను.

అత్తయ్యను సిలిండరుకు మార్చి వచ్చేసరికి ఆయన స్విచ్చులు ఆపేశాడు. నేనే దారం తెంపాను. ఆయన మూరెడు కొలిచి తెంచాడు, నేను ఆ కొలత మళ్ళీ కొలిచాను. బిగించాక నన్నే లాగి చూడమన్నాడు. కదల్లేదు. కిటికీలు రెండూ పచ్చగానే ఉన్నాయి. స్విచ్చులు వెయ్యగానే ఆక్సిజన్ మిషను తిరిగి గుర్రుమంది.

మేం లోపలికి వెళ్ళేసరికి అత్తయ్య ముక్కు గొట్టం సర్దుకుంటూ అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేమయ్యా? నన్ను తీసుకెళ్ళడానికా?"

"అబ్బే, లేదత్తయ్యా. మీరు ఇక్కడే ఉంటారు" అన్నాడు, ఊపిరి కూడా తీసుకోకుండా.

అత్తయ్య నా వైపు తిరిగింది.

"అంత తొందరగా చెప్పాడేమిటే?"