కలిపిన తొమ్మిది మార్కులు

లెక్కల్లో వెనకబడిన విద్యార్థుల కోసం ఆ కాలేజీలో పునాది తరగతి ఒకటి ఉంది. పదకొండేళ్ళుగా దానికి పాఠం చెబుతున్నది ఒకే మేడమ్. మూడేళ్ళ కిందట ఆ తరగతిలో, ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే ఒకావిడ చేరింది. నలభై దాటిన మనిషి కావడంతో పిల్లలంతా అక్కా అనేవాళ్ళు. ఎప్పటికైనా ఆ ఆస్పత్రిలోనే మందుల గదిలో పని సంపాదించాలని ఆవిడ పట్టుదల. భిన్నాలంటే మాత్రం హడలు. పై అంకెలు పైన, కింది అంకెలు కింద కూడేసి హమ్మయ్య అనుకునేది.

పరీక్షలో ముప్పై ఒకటి వచ్చాయి. గట్టెక్కాలంటే నలభై కావాలి. మేడమ్ కాసేపు ఊగిసలాడి తొమ్మిది కలిపేసింది. జాలిపడ్డానని తనకు తాను సర్దిచెప్పుకుంది. కానీ పాసైనవాళ్ళు తగ్గిపోతున్నారని ప్రిన్సిపాల్ మొహం చిట్లించింది ఆ వారమే.

ఏడాది తిరిగేసరికి అక్క స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది. పై తరగతి పరీక్ష రెండుసార్లు తప్పిందట. మొదటిరోజు నుంచే ఒక్క ముక్క అర్థం కాలేదట. కింది తరగతి పాసయ్యావుగా అంటారని సిగ్గేసి ఎవరినీ అడగలేదట. తన బుర్రే మొద్దుబారిందనుకుని, చదువు మానేస్తున్నట్టు రాసుకొచ్చిన కాగితం మీద సంతకం అడిగింది.

మేడమ్ ఆ కాగితం అందుకుంది. సంతకం పెడితే మార్కులు కలిపిన సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. లేచి, బీరువాలోంచి పాత జవాబుపత్రం తీసి ముందు పెట్టింది.

"మీరు పాస్ కాలేదు. ఆ తొమ్మిది మార్కులు నేనే కలిపాను."

అక్క ఆ జవాబుపత్రం తిప్పి మార్కులు చూసుకుంది. తిట్టినా బాగుండుననిపించింది మేడమ్‌కి.

"అంటే, నాకిక రాదని అప్పుడే తేల్చేశారన్నమాట."

కాదనబోయి మేడమ్ ఆగింది. తేల్చేసిన మాట నిజమే. అదీ ఒప్పుకుంది.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుని, తప్పెక్కడుందో చూపించమంది. అరా పావూ కలిపి ఆరింట రెండు వంతులని రాసి ఉంది. ఏం చెప్పాలో తోచక, లాండ్రీలో సబ్బుపొడి అర కప్పు వేశాక ఇంకో పావు కప్పు వేస్తే ఎంతవుతుందని మేడమ్ అడిగింది.

"ముప్పావు," అంది అక్క తడుముకోకుండా. ఆ వెంటనే జవాబుపత్రం వైపు చూసి, "ఇన్నాళ్ళూ నన్నిలా అడగలేదేం మేడమ్?" అంది.



మర్నాడు మేడమ్ ప్రిన్సిపాల్‌కి జరిగింది చెప్పి మందలింపు మెమో తీసుకుంది. దానితో మనసేమీ తేలికపడలేదు. అక్క చదువు మానలేదు; పునాది తరగతిలో మళ్ళీ చేరింది, వేరే మాస్టారి దగ్గర. ఈసారి యాభై రెండు వచ్చాయని మేడమ్ నోటీసు బోర్డులో చూసి తెలుసుకుంది. వరండాలో ఎదురైతే అక్క నమస్కారం పెడుతుంది. ఆగి మాట్లాడదు.