ఇది మరీ ఈజీ

స్నేహితులు ముగ్గురు. కళ్ళజోళ్ళ షాపాయన, బస్సు డ్రైవరు, వాయిద్యాలు బాగుచేసే మెకానిక్కు. ఈ మూడోవాణ్ణి చిన్నప్పటినుంచీ అందరూ శ్రుతి అనే పిలుస్తారు, అసలు పేరు వాడికే గుర్తుందో లేదో. ముగ్గురికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పనుల మధ్య అందులో ప్రశ్నలు విసురుకోవడమే వాళ్ళకున్న ఒకే ఒక్క వ్యసనం. ఆటల ప్రశ్నయితే రాసి పెట్టాలి. పాట ప్రశ్నయితే రాయకూడదు, మాటల్లేకుండా కూనిరాగం తీసి వాయిస్ పంపాలి.

పాటల్లో శ్రుతిని కొట్టినవాడు లేడు. వాయిస్ పంపి ఫోను కింద పెట్టేలోపే జవాబు వచ్చి పడేది. అలాంటివాడు కొన్నాళ్ళుగా పాట వస్తే చాలు, “ఇది మరీ ఈజీ, మీరే చెప్పుకోండి” అని రాసి తప్పుకుంటున్నాడు. ఆటలకు మాత్రం ఠంచనుగా జవాబిస్తాడు. వీడికి కళ్ళు నెత్తికెక్కాయని డ్రైవరు అన్నాడు. ఎన్నాళ్ళుంటాయో చూద్దామని షాపాయన అన్నాడు. ఏమైందిరా అని అడగడం కన్నా పొగరనుకోవడం సులువు. మనుషులం, మన బుద్ధులింతే.

అలా ఉండగా షాపాయన తల్లి ఆస్పత్రిలో కన్నుమూసింది. వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. రాద్దామంటే కన్నీళ్ళకు తెర మీది అక్షరాలు కనపడలేదు. రోజూ నొక్కే వాయిస్ బటనే నొక్కి, “అమ్మ పోయిందిరా” అన్నాడు. అంతే పంపాడు.

మొదట జవాబిచ్చింది శ్రుతే. “ఇది మరీ ఈజీ. కాస్త కష్టమైంది అడగరా.”

డ్రైవరు మండిపడి అక్కడికక్కడే వాణ్ణి గ్రూపులోంచి తీసిపారేశాడు. తల్లి లేని శ్రుతిని ‘మా రెండోవాడు’ అంటూ కడుపులో పెట్టుకుని చూసింది ఆవిడ. చివరి చూపుకైనా రాలేదు వాడు. షాపాయనకు తల్లి పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆ జవాబు ఒక ఎత్తు. ఆ మాట ఎందుకన్నావని మొహం మీదే అడిగి, ఈ స్నేహం ఉందో లేదో తేల్చుకోవాలని ఒక మధ్యాహ్నం వాడి కొట్టుకు వెళ్ళాడు.

తలుపుకున్న గంట గణగణ మోగింది. శ్రుతి తలెత్తలేదు. అటు తిరిగి కూచుని గిటారు తీగ బిగిస్తున్నాడు. ఇదివరకు తీగ మీటి, కళ్ళు మూసుకుని చెవి ఒగ్గేవాడు. ఇప్పుడు ఫోను ఎదురుగా పెట్టుకుని, తెర మీద స్వరాన్ని బట్టి ఊగే ముల్లుకేసి రెప్పవేయకుండా చూస్తున్నాడు. షాపాయన పిలిచాడు. పలకలేదు. ఒళ్ళు మండి గట్టిగా అరిచాడు. ఆ అరుపుకి తెర మీద ముల్లు ఎగిరిపడింది. అది చూసి అప్పుడు వెనక్కి తిరిగాడు శ్రుతి.

వాయిస్ కనిపిస్తే పాటే అనుకుని, అదే జవాబు రాసి తప్పించుకుంటున్నాడన్నమాట. ఊళ్ళో అందరి చూపూ పరీక్షించే షాపాయనకు ఇంతకాలం కళ్ళెదుట ఉన్నది కనపడలేదు.

“పసిగట్టేశారు కదా. అందుకే గ్రూపులోంచి తీసేశారని తెలుసు,” అన్నాడు శ్రుతి, ఆ చిన్న గదికి మించిన గొంతుతో. “ఎవరికీ చెప్పకురా. చెవిటివాడి చేతికి వాయిద్యం ఎవడిస్తాడు? నాకింకో పని చేతకాదు.”

చెప్పనని షాపాయన తల అడ్డంగా ఊపాడు. శ్రుతి మొహం తేటపడింది. కుర్చీ జరిపి కూచోబెట్టాడు.

“అమ్మ ఎలా ఉందిరా?”

“పోయిందిరా,” అన్నాడు షాపాయన.

శ్రుతి అతని పెదాలకేసి చూసి, అర్థమైనట్టే తల ఊపి నవ్వాడు. “మంచిది. నేనడిగానని చెప్పు.”

మళ్ళీ ఆ మాట అనడానికి షాపాయనకు నోరు రాలేదు. తన ఫోను తీసి, ఒక్కొక్క అక్షరమే నొక్కి చూపించాడు. శ్రుతి చదివాడు. ఎప్పుడని అడిగాడు. నిన్ను గ్రూపులోంచి తీసేసిన రోజేనని నొక్కి చూపించాడు షాపాయన.

శ్రుతి ముల్లు తెర మూసేసి, తనను తీసేసిన ఆ పాత గ్రూపు తెరిచాడు. చిట్టచివర షాపాయన పంపిన వాయిస్ ఉంది, దాని కింద తన జవాబుంది. వాయిస్ నొక్కి, పాత అలవాటు కొద్దీ ఫోను చెవికి ఆనించుకున్నాడు.

“అమ్మ పోయిందిరా” అన్న గొంతు గదిలో షాపాయనకు మాత్రమే వినపడింది. శ్రుతి ఫోను చెవి నుంచి తియ్యలేదు.