తీగకు రెండు చివర్లు

రిబ్కా చింతపండు పిసుకుతుండగా అంద్రెయ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"సూర్యలంక రొయ్యల హేచరీలో మనం పెట్టిన కంప్యూటర్ మళ్లీ పిచ్చి అంకెలు చూపిస్తోందంట. సామానంతా పీక్కుపొమ్మంటున్నారు ఓనరు పున్నారావు గారు."

తెనాలిలో రిపేరు కొట్టు అంద్రెయది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రిబ్కాది. పెళ్లయిన దగ్గర్నుంచీ కొట్లోకి వచ్చే పరికరాలకు ప్రాణం పోసేది ఆమే అయినా, అడిగినవాళ్లతో అతను, "మా ఆవిడ ఊసుపోక చేస్తుందండి," అనేవాడు. "మగాళ్ల పనులు నెత్తినేసుకుంటే ఇల్లు ఇల్లులా ఉండదమ్మా," అనేది అత్తగారు వరమ్మ.

రొయ్యపిల్లల తొట్లలో వేడి కొలిచే పరికరాలన్నీ ఒకే జంట తీగ మీద కంప్యూటర్‌కు కబురు పంపాలి. ఆ తీగకు రెండు చివర్లలోనే రెసిస్టర్లు పెట్టాలని రిబ్కా ముందే చెప్పింది. "నువ్వు కూరలో ఉప్పు చూసుకో," అని అతను ప్రతి పరికరానికీ ఒకటి బిగించి వచ్చాడు. అన్ని రెసిస్టర్ల బరువుకు తీగ గొంతు నొక్కుకుపోయింది.

ఆమె చేతులు కడుక్కుని, ఈ ఒక్క పూటకు బాబును చూడమని అత్తగారికి అప్పగించింది. "నేనూ వస్తున్నా."

హేచరీలో మధ్యనున్న రెసిస్టర్లన్నీ తీసేసింది. ఇంకో లోపమూ ఉంది. ఏ పరికరమూ మాట్లాడనప్పుడు తీగ ఎటూ కాకుండా ఊగుతోంది. ఆ ఊగుడునే మాటనుకుంటోంది కంప్యూటర్. దాన్ని ఒకవైపు నిలపడానికి జంటలో ఒక తీగను ఐదు వోల్టులకు, రెండోదాన్ని ఎర్తుకు, ఒక్కో రెసిస్టరుతో కట్టాలి. ఎంతవి? చివర్లవి రెండూ కలిస్తే అరవై ఓములు. వాటి మీద వోల్టులో ఐదో వంతైనా నిలవాలి. ఏడువందల ఓములవి కట్టినా లెక్కకు సరిపోతాయి. కానీ అంచు మీద నిలబడి బతకడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇంకాస్త గట్టిగా పట్టి నిలిపే ఐదువందల అరవైవి తీసింది.

స్విచ్ వేయగానే తొట్టి తర్వాత తొట్టి, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, అంకెలు నిలకడగా వచ్చాయి.

"గట్టోరండీ అంద్రెయ గారూ! రేపల్లెలో మా బావమరిది హేచరీకి కూడా మీరే రావాలి," అన్నాడు పున్నారావు.

అంద్రెయ నవ్వుతూ చేతులు జోడించాడు.

"ఇది చేసింది నేనండి. రేపల్లెకీ నేనే వస్తాను," అంది రిబ్కా.

పున్నారావు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అట్టయితే మీరే రండమ్మా," అన్నాడు.

బాపట్లలో బస్సెక్కాక అంద్రెయ ఆమె వైపు తిరిగాడు.

"అందరి ముందూ అట్టా అనాలా?"

"జరిగిందే అన్నానండి."

"నువ్వు రేపల్లె పోతే బాబునెవరు చూస్తారు?" అన్నాడు.

"వాళ్ల నాన్న," అంది రిబ్కా.