గురువారం చెప్పని మాట

“అమెరికావాళ్ళ ఏడుపు ఇవాళ ఎందాకా వచ్చింది?” స్నానాల గదిలోంచి అడిగాడు అనీబల్.

“ఇంకో రెండు బ్యాంకులు” అంది నిల్దా, వంటగది బల్ల మీద కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా.

“ఏడవనీ. మంచి ముక్కలు తీసిపెట్టు. నవ్వొచ్చేవి.”

అది 2008 అక్టోబరు. బ్యూనస్ ఐరిస్‌లో ఆ నెలంతా ఎవరి నోట విన్నా అమెరికా బ్యాంకులు కూలుతున్న మాటే. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ సంగతుల మీద మాట్లాడమని రేడియోవాళ్ళు అనీబల్‌కి ఫోన్ చేస్తారు. విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ అనీబల్ సుబియేతా ఇన్నేళ్ళూ తరగతిలోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు వీధిలో కూరల కొట్టతను కూడా, “అమ్మా, మీ ఆయన నిన్న భలే చెప్పారు. మనం ఒక పని చేద్దాం, ఏడేళ్ళ కిందట మన బ్యాంకుల్ని ముంచిన పాత మంత్రుల్ని వాళ్ళకి ఎగుమతి చేద్దాం, ఒక్కడు చాలు వాళ్ళని పూర్తిగా ముంచడానికి” అని నవ్వి ఒక నిమ్మకాయ ఎక్కువ వేస్తున్నాడు. అనీబల్‌కి ఇంగ్లీషు రాదు. న్యూయార్క్ పత్రికలూ, ఒహాయో, ఫ్లోరిడా ఊళ్ళ చిన్న పత్రికలూ తెల్లవారుతూనే చదివి, పనికొచ్చే ముక్కలు స్పానిష్‌లోకి రాసి, అచ్చుతీసి అతని కాఫీ పక్కన పెట్టేది నిల్దా. అతను రేడియోలో మాట్లాడే ఆ పావుగంటా బట్టలు ఉతికే యంత్రం ఆపాలి, కుళాయి తిప్పకూడదు, తుమ్ము వచ్చినా మింగాలి. పెళ్ళికి ముందు ఆమె ఒక సంస్థలో ఇంగ్లీషు నేర్పేది. ప్రొఫెసర్ పెళ్ళాం చిల్లర కోసం పిల్లలకి పాఠాలు చెప్పుకోవడం ఏం బావుంటుందని అత్తగారు డోనా ఎల్విరా ఒక్క మాట అంటే మానేసింది. ఇప్పుడు ఈ చేసేదానికి పేరు లేదు. “నిల్దా కాస్త చూసిపెడుతుంది” అంటాడు అనీబల్ స్నేహితులతో, ఇస్త్రీ సంగతి చెప్పినట్టు.

ఆ రోజు ఆమెకి ఒహాయోలో ఒక ఊరి పత్రికలో చిన్న వార్త కనిపించింది. బడి బస్సు నడిపే ఒకావిడ ఇల్లు బ్యాంకువాళ్ళు అప్పు కింద తీసుకుంటున్నారు. పొద్దున పదింటికి ఖాళీ చెయ్యాలి. ఆవిడ ముందురోజంతా మోకాళ్ళ మీద కూర్చుని వంటగది నేల కడిగింది, కిటికీ అద్దాలు తుడిచింది, పొయ్యి లోపల కూడా గీకింది. ఎందుకమ్మా, ఎలాగూ పోయే ఇల్లు కదా అని విలేఖరి అడిగితే, “వచ్చేవాళ్ళు నన్ను మురికి మనిషి అనుకోకూడదు కదా” అందట. ఆ వాక్యం స్పానిష్‌లో రాస్తుంటే నిల్దా చేతులు ఆగిపోయాయి. ఆ ముక్క అతనికి ఇవ్వకూడదనుకుంది. కానీ కాగితాల కట్టలో అదీ కలిసిపోయింది. లేదు, అది అబద్ధం. కలిసిపోలేదు. ఇచ్చింది. తనకి కన్నీళ్ళొచ్చిన చోట అతనికీ ఏదో ఒకటి వస్తుందేమో చూద్దామని ఇచ్చింది.

అతనికి నవ్వొచ్చింది. ఆదివారం భోజనాల దగ్గర ఆ కథ మళ్ళీ చెప్పాడు. డోనా ఎల్విరా ఉంది, నిల్దా తల్లి ఇర్మా ఉంది. నిల్దా నిలబడి రవియోలీ వడ్డిస్తోంది.

“చూశారా నాగరికత?” అన్నాడు అనీబల్, రొట్టెముక్కతో పళ్ళెం తుడుస్తూ. “మనవాళ్ళు బ్యాంకుల అద్దాలు పగలగొట్టారు. వాళ్ళు బ్యాంకుకిచ్చే ఇంటి అద్దాలు తుడిచిపెడుతున్నారు. ఇంకో నెల పోతే దివాలా తీసే ముందు జుట్టు కూడా దువ్వుకుంటారు.”

డోనా ఎల్విరా నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నిల్దా కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియదు. అతను ఛలోక్తి వేసి పక్కకి చూసినప్పుడు నవ్వడం ఇరవై మూడేళ్ళ అలవాటు. ఉప్పు అందుకోవడం లాంటిది. నవ్వు ఇంకా నోట్లో ఉండగానే తల్లి గొంతు వినిపించింది.

“పాపం. నాలాగే తెలివితక్కువది అయ్యుంటుంది” అంది ఇర్మా. “చదువూ సంధ్యా లేనివాళ్ళకి ఏం తెలుస్తుంది? నేనూ అంతే కదా. అప్పట్లో అందరూ బ్యాంకులోంచి డబ్బు తీసుకుంటున్నారని వింటూనే ఉన్నాను. కదిలానా? కదల్లేదు.”

“అలా అనకండి ఇర్మా” అన్నాడు అనీబల్, ఎంతో దయగా. “అందరికీ ఆ ముక్కు ఉండదు. అంకెలు చూస్తే నాకు వాసన తెలిసిపోయింది, అంతే.”

“అవును నాయనా. అందరికీ ఉండదు” అంది ఇర్మా.

నిల్దా వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఖాళీ గిన్నె దాని కింద పట్టుకుని నిలబడింది.

ముక్కు కాదు. ఫోన్. 2001 నవంబరు ఆఖరి గురువారం, మధ్యాహ్నం భోజనానికి అనీబల్ ఎప్పుడూ లేనిది ఇంటికొచ్చాడు. మంత్రిత్వశాఖలో పనిచేసే స్నేహితుడొకడు ఫోన్ చేసి చెప్పాడట, వారాంతంలో బ్యాంకులకి తాళం పడుతుందని, ఎవరి డబ్బు వాళ్ళకి చేతికివ్వరని. “రేపు పొద్దున్నే మనది తీసేద్దాం. ఎవరికీ చెప్పకు. తెలిసిందంటే వాడి ఉద్యోగం పోతుంది” అన్నాడు. “మా అమ్మకి?” అని అడిగింది నిల్దా. “మీ అమ్మకి చెప్తే సాయంత్రానికి వీధికంతా తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు బొత్తాలమ్మిన నోరు అది. కొన్నాళ్ళు ఆగితే ఆవిడది ఆవిడకి వస్తుందిలే” అన్నాడు. ఇర్మా భర్త పోయాక బొత్తాలూ దారాలూ అమ్మే కొట్టు ఒక్కతే నడిపింది. కాళ్ళు సహకరించక అమ్మేసి, వచ్చిన డాలర్లు బ్యాంకులో వేసుకుంది. అదే బ్యాంకు, అదే శాఖ. శుక్రవారం పొద్దున నిల్దా, అనీబల్ ఆ శాఖలోనే నిలబడి తమది తీసుకుని, భుజం సంచిలో పెట్టుకుని, టాక్సీలో ఇంటికొచ్చారు.

ఇంతవరకే అయితే, మొగుడు చెప్పాడు, నోరు మూసుకున్నాను అని చెప్పుకోవచ్చు. ఆ మాట తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది కూడా. కానీ సంచి ఇంకా భుజం మీంచి దించకముందే ఫోన్ మోగింది. గంట పదకొండున్నర. బ్యాంకులు మూడింటిదాకా తెరిచే ఉంటాయి. “అమ్మాయ్, టీవీలో ఏదేదో అంటున్నారు” అంది ఇర్మా. “వెళ్ళి తీసేసుకోనా? అల్లుడు ఏమంటాడు?” అనీబల్ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆమె వైపే చూస్తున్నాడు. “ఏం కాదమ్మా. కంగారు పడకు. ఈ ఎండలో ఎక్కడికెళ్తావు?” అంది నిల్దా. వేసవి మొదలైన రోజులు, ఎండ సంగతి కూడా చెప్పింది. ఆ ముక్క ఎవరూ చెప్పమనలేదు.

సోమవారానికి తాళాలు పడ్డాయి. తర్వాత డాలర్లకి బదులు విలువ పడిపోయిన పెసోలిచ్చారు. ఇర్మాకి కొట్టు అమ్మిన డబ్బులో సగం విలువ కూడా మిగల్లేదు. జనవరిలో జనమంతా మా డబ్బు మాకివ్వమని గిన్నెలూ మూతలూ మోగించుకుంటూ బ్యాంకుల ముందుకెళ్ళినప్పుడు ఇర్మా కూడా ఇంటి గౌనులోనే వెళ్ళింది. ఆమెని ఒంటరిగా పంపకూడదని నిల్దా వెళ్ళింది. తల్లి పక్కన నిలబడి తనూ మూతతో ఇనుప తలుపు బాదింది. ఎవరో విదేశీ విలేఖరి ఫోటో తీశాడు. స్పెయిన్‌లో ఉన్న చుట్టాలు పేపరు కత్తిరించి పంపారు. జుట్టు రేగిపోయి, నోరు తెరిచి, పిచ్చిదానిలా ఇర్మా. పక్కనే నిల్దా. “ప్రపంచమంతా నన్ను ఇలా చూసిందన్నమాట” అని ఇర్మా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఇప్పుడు డెబ్భై ఒకటో ఏట పొరుగువాళ్ళ ప్యాంట్ల అంచులు కుడుతోంది. ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ బల్ల దగ్గర ఒకసారైనా తెలివితక్కువదాన్నని తనని తాను అంటోంది. ప్రతి ఆదివారం నిల్దా వింటోంది.

బుధవారం మధ్యాహ్నం అమెరికా రేడియో నుంచి ఒకామె ఇంటికి వచ్చింది. పేరు కోరిన్. మా కష్టాన్ని మిగతా దేశాలు ఎలా చూస్తున్నాయి అని ఊరూరా తిరిగి అడుగుతోందట. యాభై దాటిన మనిషి, మడమలు అరిగిన బూట్లు. అనీబల్ మంచి చొక్కా వేసుకున్నాడు. నిల్దా కాఫీ పెట్టి, బిస్కెట్లు పళ్ళెంలో సర్ది, ఇద్దరికీ మధ్య స్టూలు లాక్కుని కూర్చుంది. అటు మాట ఇటు, ఇటు మాట అటు.

“మాకు జాలి లేదని కాదు” అన్నాడు అనీబల్. “కానీ చెప్పు ఆవిడకి, పదేళ్ళు మాకు బుద్ధులు చెప్పారు, పొదుపు చెయ్యండర్రా అని. ఇప్పుడు వాళ్ళ వంతు. కాస్త సంతోషంగా ఉందంటే తప్పా?”

నిల్దా చెప్పింది. కోరిన్ తల ఊపి, తప్పు కాదు అంది.

“ఇంకోటి చెప్పు. మునిగినవాళ్ళు ఎందుకు మునిగారంటే, లెక్కలు చదవడం రాక. నేను చదివాను, బయటపడ్డాను. తెలివితక్కువవాళ్ళని ఏ దేశమూ కాపాడలేదు.”

నిల్దా దాన్ని అటు చెప్పలేదు. ఆ మాటకి ఇంగ్లీషు తెలియక కాదు. కోరిన్ ఆమె ముఖంలోకి చూసి, మైకు కొంచెం ఇటు జరిపి, మెల్లగా అడిగింది. “మరి మీరు? మమ్మల్ని చూస్తే మీకేమనిపించింది?”

“సిగ్గేసింది” అంది నిల్దా ఇంగ్లీషులో.

తర్వాత ఆగలేదు. ఒహాయోలో నేల కడిగిన ఆవిడ సంగతి చెప్పింది. తను నవ్విన సంగతి చెప్పింది. గురువారం సంగతి, సంచి సంగతి, పదకొండున్నరకి వచ్చిన ఫోన్, ఎండ. అన్నీ వరసగా, తరగతిలో పిల్లలకి చెప్పినట్టు స్పష్టంగా. అనీబల్ కాలు మీద కాలు వేసుకుని కాఫీ తాగుతూ, తన మాటలే ఇంత పొడుగ్గా ఇంగ్లీషులో వస్తున్నాయనుకుని తృప్తిగా వింటున్నాడు. మధ్యలో ఒకసారి, “బాగా వివరంగా చెప్తున్నావు, చెప్పు చెప్పు” అన్నాడు.

కోరిన్ రికార్డు చేసే యంత్రం ఆపింది. “ఇది నేను వాడుకోవచ్చా?”

“రేపటిదాకా ఆగండి. ముందు చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు.”

ఆమె తన నంబరు రాసిచ్చి వెళ్ళాక అనీబల్ చేతులు రుద్దుకున్నాడు. “ఏమంది? మొహం అలా అయిపోయిందేం? గట్టిగా తగిలినట్టుంది.”

“నువ్వు చెప్పినది చెప్పలేదు నేను” అంది నిల్దా. “శుక్రవారం మనం బ్యాంకుకెళ్ళడం చెప్పాను. మా అమ్మ ఫోన్ చెయ్యడం చెప్పాను.”

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. “నీకు మతిపోయిందా? నన్ను బజార్లో పెడతావా? నేనేమన్నా దొంగతనం చేశానా? మనకోసమే కదా చేశాను.”

“అవును, మనకోసమే” అంది నిల్దా. గోడకి తగిలించిన కోటు తీసుకుంది. అతను ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. మెట్లు దిగుతుంటే ఆ మాటలు పైనే ఉండిపోయాయి.

ఇర్మా కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు మడిచి సూదులు గుచ్చుతోంది. నిల్దా కూర్చోలేదు. నిలబడే చెప్పింది, అమెరికా రేడియో ఆవిడకి చెప్పిన సంగతితో సహా. ఈసారి కష్టమైంది. ఇంగ్లీషులో గలగలా వచ్చిన మాటలు పుట్టిన భాషలో ఒక్కొక్కటే పెళ్ళగించాల్సి వచ్చింది. ఇర్మా చివరి సూది గుచ్చి, ప్యాంటు ఒడిలో పెట్టుకుంది.

“చెప్పొద్దని అతను అన్నాడు” అంది ఇర్మా.

“అవునమ్మా.”

“ఎండ అని కూడా అతనే అన్నాడా?”

“లేదు. అది నేనే.”

ఇర్మా కిటికీలోంచి బయటికి చూసింది. అటు చూస్తూనే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“డబ్బు పోయింది. పోతే పోయింది, చాలామందికి పోయింది. ఏడేళ్ళనుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను కదే. మీ నాన్న ఫోటో ముందు కూర్చుని కూడా తిట్టుకున్నాను, నీ కొట్టు పాడుచేశానయ్యా అని. నువ్వు ఎదురుగా నిలబడి వడ్డించావు. ఒక్క ఆదివారమైనా, కాదమ్మా నువ్వు అడిగావు అని అనాలనిపించలేదా?”

అనిపించింది అని నిల్దా చెప్పొచ్చు. అనిపించడం ఏమంత గొప్ప?

“నేను అడిగాను” అంది ఇర్మా మళ్ళీ, తనకే చెప్పుకుంటున్నట్టు. “వెళ్ళి తీసేసుకోనా అని అడిగాను. నాకూ వాసన తెలిసింది.” ముసలావిడ వీపు కుర్చీలో కొంచెం నిటారుగా అయింది. “ఆ అమెరికా ఆవిడకి నా పేరు కూడా చెప్పు. బొత్తాల కొట్టు ఇర్మా తెలివితక్కువది కాదని ఎక్కడో ఒకచోట వినపడనీ. ఇప్పుడు వెళ్ళు. నిన్ను చూడబుద్ధి కావడంలేదు.”

“ఆదివారం రానా?”

“చూద్దాం. వస్తే ఒక్కదానివే రా. నాకు వడ్డించకు.”

వీధి మూల కాఫీ కొట్టులో ఫోన్ ఉంది. నిల్దా కోటు జేబులోంచి కోరిన్ నంబరు తీసి కలిపింది. వాడుకోండి అని చెప్పింది. తల్లి పేరు ఇచ్చింది.

“మరి మిమ్మల్ని ఏమని చెప్పమంటారు?” అడిగింది కోరిన్. “ప్రొఫెసర్ గారి భార్య అనా?”

“వద్దు” అంది నిల్దా. “తల్లి అడిగితే అబద్ధం చెప్పిన కూతురు అని చెప్పండి. ఆ మాట తర్వాత నా పేరు చెప్పండి.”